తొట్లను జూన్‌లో లెక్కపెట్టండి

నాందేడ్-వాఘాళా నగర మహానగరపాలిక కమిషనర్‌కు బహిరంగ లేఖ



మీ కార్యాలయం వ్యవహారమంతా మరాఠీలో నడుస్తుంది. అయినా ఈ లేఖ తెలుగులో రాయడానికి రెండు కారణాలున్నాయి. 1956 నవంబరు 1 దాకా నాందేడ్ హైదరాబాదు రాష్ట్రంలో ఒక జిల్లా. ఆ రోజు రాష్ట్రాల మధ్య గీసిన గీతతో ముధోల్ ఇక్కడి నుంచి ఆదిలాబాదుకు పోయింది, కిన్వట్ అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది. మనుషులు మాత్రం గీత చూసుకుని ఇళ్లు మారలేదు. బిలోలి, దేగ్లూర్, ధర్మాబాద్, కిన్వట్ తాలూకాల్లో తెలుగు మాట్లాడే ఇళ్లున్నాయి, నగరంలోనూ ఉన్నాయి. ఆ ఇళ్ల వంటింటి చెత్త కూడా ఇంటింటా చెత్త తీసుకుపోయే మీ ఘంటాగాడిలోకే వస్తుంది. రెండో కారణం గోదావరి. మన ఘాట్లను దాటిన నీళ్లు కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, బాసర మీదుగా పోచంపాడు చేరతాయి. ఇక్కడ చెత్త కుళ్లి ఊరిన రసం వానకు కొట్టుకుపోతే చేరేది దిగువకే. కనుక నాందేడ్ చెత్త తెలుగువాళ్లకు పరాయి ఊరి ముచ్చట కాదు.

మీ ముందుంచే మాట చిన్నదే. అపార్ట్‌మెంట్లలో, ఇంటి లోపలే, వానపాముల తొట్టి పెట్టుకుని తడి చెత్తను అక్కడికక్కడే ఎరువు చేసుకునే పద్ధతిని మహానగరపాలిక తన చెత్త వ్యవస్థలో ఒక భాగంగా లెక్కలోకి తీసుకోవాలి. మొక్కల పిచ్చి ఉన్న నలుగురి సరదాగా దాన్ని వదిలేయకూడదు. ఎందుకంటే తడి చెత్తకు విలువ వంటగట్టు మీదే ఎక్కువ, అక్కడి నుంచి దూరం పోయేకొద్దీ ఆ విలువ తరుగుతూ పోతుంది. గట్టు మీద ఉన్నప్పుడు బీరపొట్టు వట్టి బీరపొట్టే. క్యారీబ్యాగులో వేసి ముడి బిగించగానే గాలాడక కుళ్లడం మొదలవుతుంది. కింద డబ్బాలో పడగానే దానికి షాంపూ సాషేలు, పాత బ్యాటరీలు, డైపర్లు తోడవుతాయి. డంపింగ్ యార్డు చేరే వేళకు అది ఎరువుకూ పనికిరాదు, రీసైక్లింగుకూ పనికిరాదు. గుట్ట అడుగున గాలి తగలక మీథేన్‌గా మారుతుంది. వందేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్‌కు ఇరవై ఎనిమిది రెట్లు. ఇంకో సంగతి: వంటింటి తడి చెత్త బరువులో నూటికి డెబ్బై పాళ్లకు పైగా ఉండేది నీళ్లే. అంటే వేసవిలో తాగునీటికి కటకటలాడే మరాఠ్వాడాలో, రోజూ పొద్దున్నే డీజిలు పోసి ఊరవతలికి మనం మోయిస్తున్నది చాలావరకు నీళ్లనే.

వానపాముల తొట్టి అంటే ఏమిటో ముందు స్పష్టంగా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని మీద ఉన్న భయాల్లో సగం దాన్ని దగ్గరగా చూడకపోవడం వల్ల వచ్చినవే. అడుగున చిల్లులున్న తొట్టి, అందులో పరుపుగా తడిపిన కొబ్బరిపీచు పొట్టు, చించిన వార్తాపత్రికలు, కాస్త మాగిన పేడ, వాటి మధ్య వానపాములు, పైన తడి గోనెపట్టా. అంతకు మించి ఏమీ లేదు. వానపాముకు పళ్లు లేవు. మెత్తబడి, సూక్ష్మజీవులు పట్టిన పదార్థాన్ని సన్నని ఇసుక రేణువులతో కలిపి మింగి, లోపలి కండర సంచిలో నూరుకుంటుంది. అది చర్మంతో గాలి పీల్చుకుంటుంది కాబట్టి ఒళ్లు ఎప్పుడూ తడిగా ఉండాలి, నీళ్లు నిలిస్తే మాత్రం ఊపిరాడక చస్తుంది. గుప్పెడు పరుపు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. రెండు మూడు నెలలకు అడుగున తయారయ్యేది చాయ్‌పత్తా లాంటి నల్లటి పలుకు. అరచేతిలో వేసుకుని మూస్తే ఉండ కడుతుంది, వేలితో తాకితే విడిపోతుంది. దాని వాసన తొలకరి జల్లు పడ్డ నేల వాసన. ఇది కవిత్వం కాదు, రెండు చోట్లా ఆ వాసన పుట్టించేది జియోస్మిన్ అనే ఒకే పదార్థం, దాన్ని తయారుచేసేదీ ఒకే జాతి మట్టి సూక్ష్మజీవులు. వానపాముల పని మీద చార్లెస్ డార్విన్ 1881లో ఒక పుస్తకమే రాశాడు. మన దేశంలో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో రాధా కాళే, చెన్నైలో సుల్తాన్ ఇస్మాయిల్, మన రాష్ట్రంలోనే పుణెలో ఉదయ్ భవాల్కర్ దశాబ్దాల కిందటే ఈ విద్యకు పునాది వేశారు. అంటే ఇది కొత్త ప్రయోగం కాదు, నాందేడ్‌కు తగ్గట్టు మలచుకోవడమే మిగిలింది.

ఆ మలచుకోవడంలోనే అసలు చిక్కు ఉంది. ఎరువు తయారీకి ఎక్కువగా అమ్మే ఎర్ర వానపాము ఐసీనియా ఫెటిడా చల్లటి దేశాల ప్రాణి. పదిహేను నుంచి ఇరవై ఐదు డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, ముప్పై ఐదు దాటితే చచ్చిపోతుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ కూడా అంతటి వేడిని తట్టుకోదు. మే నెలలో నాందేడ్ ఎండ నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు. టెర్రస్ మీద పెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ములో అప్పుడు వానపాములు ఉడికిపోతాయి. బాల్కనీలో పడమటి ఎండ తగిలినా అదే గతి. శీతాకాలంలో ఉత్సాహంగా మొదలుపెట్టిన తొట్లు ఎండలు ముదిరాక వాసన కొట్టి, మూలపడి, చివరికి ఆ చెత్తతో సహా ఘంటాగాడిలోకే పోవడానికి కారణం ఇది. తప్పు మనుషుల పట్టుదలది కాదు, తొట్టి పెట్టిన చోటుది. అందుకే ఇంటి లోపల అంటున్నాను. బయట నలభై మూడు ఉన్నప్పుడు, కింది అంతస్తు ఫ్లాట్లో, కూలర్ గాలి సోకే గదిలో, నేల మీద ఉండే వేడి అంతకంటే ఎంతో తక్కువ. ఫ్లాట్లో ఉండేవాళ్ల తొట్టికి దొరికే ఒకే ఒక్క నీడ ఇంటి లోపలి నీడ.

ఈ వాతావరణానికి తగిన పాత్ర కూడా మన ఇళ్లలోనే ఉంది. రంజన్ అనే మట్టికుండలో నీళ్లు ఎండాకాలంలో చల్లబడటానికి కారణం మట్టి గోడలోంచి ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుపోవడం. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా చల్లబడుతుంది, మన మే నెల గాలికి పొడిదనం కొరత లేదు. అదే సూత్రం కాల్చిన మట్టి తొట్టికీ వర్తిస్తుంది. ప్లాస్టిక్ డబ్బా వేడినీ చెమ్మనూ లోపలే బిగబట్టి ఉంచుతుంది, మట్టి తొట్టి శ్వాసిస్తుంది. బెంగళూరులో 2006లో మొదలైన డైలీ డంప్ అనే సంస్థ ఒకదానిపై ఒకటి పేర్చే మట్టి కుండలను ఇంటి కంపోస్టు కోసం ఊరూరా పరిచయం చేసింది. అవి వానపాముల కోసం చేసినవి కాకపోయినా, ఫ్లాట్ల మనుషులు వంటింటి పక్కన మట్టి పాత్ర పెట్టుకుంటారని మాత్రం నిరూపించాయి. వెడల్పాటి మూతి, తక్కువ లోతు, అడుగున చిల్లులు, కింద పళ్లెం. ఈ కొలతలు ఇస్తే మన కుమ్మరులు చేయలేరా? ఇక వానపాము సంగతి. పెరియోనిక్స్ ఎక్సకవేటస్ అనే మన దేశపు రకం పేడ కుప్పల్లో, తడి ఆకు కుప్పల్లో కనిపిస్తుంది. అది వేడిని మిగతా రెండింటికంటే ఎక్కువ తట్టుకుంటుంది. విదేశీ రకాన్ని కొనే ముందు దీన్ని పెంచి చూడటం మేలు.

ఒక తొట్టి ఎంత తింటుందో నిజాయితీగా లెక్క చెప్పాలి, లేకపోతే ఉత్సాహమే ఈ పద్ధతికి శత్రువవుతుంది. మంచి స్థితిలో ఉన్న వానపాములు రోజుకు తమ బరువులో సగం దాకా తింటాయి. ఇంటి తొట్ల మీద 1982లో పుస్తకం రాసిన అమెరికా రచయిత్రి మేరీ ఆపెల్‌హాఫ్ చెప్పిన కొలత చదరపు అడుగు పరుపుకు వారానికి సుమారు అర కిలో. నలుగురున్న ఇంట్లో రోజుకు అర కిలో తడి చెత్త వస్తుందనుకుంటే వారానికి మూడున్నర కిలోలు, అంటే ఏడు చదరపు అడుగుల పరుపు కావాలి. రెండు గదుల ఫ్లాట్లో అంత చోటు ఎవరికీ ఉండదు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న తొట్టి మూడు చదరపు అడుగులే, అది ఇంటి చెత్తలో సగం కూడా తినదు. దీనికి మన రైతులు వాడే ఉపాయమే ఉంది: చెత్తను ముందు పది పదిహేను రోజులు మరో కుండలో మాగనిచ్చి, సగానికి కుంగాక వానపాములకు వేయడం. అలా చేసినా మే నెలలో మేత సగానికి తగ్గించాలి, ఎందుకంటే పచ్చి చెత్త మాగేటప్పుడు తనంతట తానే వేడి పుట్టిస్తుంది. కాబట్టి తొట్టి పెట్టుకున్న ఇల్లు ఘంటాగాడికి ఇచ్చే తడి చెత్త సగం తగ్గుతుందని చెప్పండి, చాలు. పూర్తిగా పోతుందని ఎవరికీ మాట ఇవ్వకండి.

ఆ సగం ఏదో కూడా వంటింటిని బట్టి ఉంటుంది. అర్ధాపూర్ అరటిపళ్లు తినే ఊరు మనది, అరటి తొక్క వానపాములకు పండగ భోజనం. చాయ్‌పత్తా, ఆకుకూరల కాడలు, కాకరకాయ గింజలు, కర్బూజా తొక్కలు, నలిపిన గుడ్డు పెంకుల పొడి అన్నీ పనికొస్తాయి. తెలుగు వంటింట్లో రోజూ మిగిలే చింతపండు పిప్పి మాత్రం పుల్లనిది, చారులో ఉప్పు పడ్డాక తీసిన పిప్పి అయితే మరీ హాని. పిడికెడు పిప్పికి అంతకు పదింతలు ఎండుటాకులు, కాస్త గుడ్డు పెంకుల పొడి కలిపి మాగబెడితే తప్ప వేయకూడదు. నిమ్మచెక్కలూ అంతే. ధర్మాబాద్ మిర్చి తొడిమలు, నూనె తేలిన కూర, ఊరగాయ, మాంసం, పాలు పెరుగు తొట్టి జోలికి రాకూడదు. పాంప్లెట్లలో ‘వంటింటి వ్యర్థాలు వేయండి’ అని ఒక్క ముక్కలో రాస్తే ఈ తేడాలన్నీ మాయమైపోతాయి, మొదటి నెలలోనే తొట్టి పులిసిపోతుంది.

దీనికి చట్టంలోనూ అనుభవంలోనూ ఆధారం ఉంది. అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం తర్వాత వచ్చిన 2000 నాటి నిబంధనల్లోనే వర్మీకంపోస్టు పేరు ఉంది. 2016 ఏప్రిల్ 8న వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ సముదాయాలు వీలైనంత వరకు తడి చెత్తను తమ ఆవరణలోనే వదిలించుకోవాలన్నాయి. మన ఊళ్లో మామూలు అపార్ట్‌మెంట్ అంటే ఎనిమిదో పన్నెండో ఫ్లాట్లు, కింద పార్కింగు, గుంట తవ్వడానికి జానెడు నేల లేని భవనం. ఆ నిబంధన దాని గడప దాకా రాలేదు. ఇంటి తొట్టి పూడ్చేది సరిగ్గా ఆ ఖాళీనే. 2000ల తొలి ఏళ్లలో సూర్యాపేట మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ ఇంటింటా తడి, పొడి చెత్తను విడిగా తీసుకుని, తడిని వానపాములతో ఎరువు చేయించి, లక్ష జనాభా ఉన్న ఆ పట్టణాన్ని దేశమంతా వచ్చి చూసేలా చేశారు. అక్కడ గెలిచింది ఎరువు షెడ్డు కాదు, గడప దగ్గర విడదీసిన అలవాటు. పుణె మహానగరపాలిక వర్మీకంపోస్టు, సౌరశక్తి, వాననీటి సేకరణ ఉన్న సొసైటీలకు ఆస్తిపన్నులో ఐదు నుంచి పది శాతం తగ్గింపు ఇచ్చింది. కేరళలో ఆలప్పుళ పట్టణం 2012లో సర్వోదయపురం గ్రామస్థులు చెత్త లారీలను ఆపేశాక తప్పనిసరై ఇళ్లలోనే, వీధుల్లోనే చెత్తను ఎరువుగా, గ్యాసుగా మార్చుకోవడం నేర్చుకుంది. మనం అంత దాకా తెచ్చుకుని నేర్చుకోనక్కర్లేదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది వాసన, పురుగులు. మంచి తొట్టికి వాసన ఉండదు. వాసన వచ్చిందంటే మేత ఎక్కువైందనో నీళ్లు నిలిచాయనో అర్థం, అది రోగం కాదు, కబురు. పండీగలు మేతను పరుపు కింద కప్పకపోతే వస్తాయి, చీమలు పరుపు ఎండితే వస్తాయి. చీమలకు మన పాత ఉపాయం కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టడం. ఇప్పుడు ఆ పని చేస్తే డెంగీ దోమకు మనమే ఇల్లు కట్టించినట్టవుతుంది, కాళ్లకు గ్రీజు రాయడం మేలు. ‘పాము’ అన్న మాటే ఇంట్లోకి రానివ్వని వాళ్లు ఉంటారు, వాళ్లకు ‘ఎర్రలు’ అని చెప్పండి, మరాఠీలో ‘గాండూళ్’ అనండి. ఈ ప్రాణి వెలుతురంటే పారిపోతుంది, తొట్టి దాటి మంచమెక్కదు. మూకుమ్మడిగా బయటికి వస్తే లోపల బతకలేని పరిస్థితి ఉందని చెబుతోందన్నమాట.

రెండో అభ్యంతరం బరువైనది. మన నగరంలో జైనులున్నారు, ప్రాణిని ఇంట్లో బంధించి పెంచడం హింస అని నమ్మేవాళ్లు ఇతరుల్లోనూ ఉన్నారు. దీనికి వాదనతో జవాబు చెప్పడం మర్యాద కాదు. ఎరువు తీసేటప్పుడు వానపాములను చంపనక్కర్లేదు: లైటు కింద చిన్న కుప్పలుగా పోస్తే అవి అడుగుకు దిగిపోతాయి, పై పొర తీసుకుని మిగతాది తొట్లో వేస్తే చాలు. అయినా మనసొప్పని ఇంటికి వానపాములు లేని మట్టి కుండ కంపోస్టు చాలు. ఎవరి మీదా ఇది రుద్దకూడదు, ఏ పథకమైనా దీన్ని ఒక ఎంపికగానే ఉంచాలి.

మూడో అభ్యంతరాన్ని చాలామంది పైకి అనరు. ఇంట్లో పెరిగే ప్రతి పనీ చివరికి ఆడవాళ్ల నెత్తిన పడుతుంది. తొక్కలు తరగడం, తడి చూడటం, ఎరువు తీయడం అన్నీ ‘రోజుకు పది నిమిషాలే’ అంటూ ఇల్లాలికి అప్పగించే పథకం న్యాయమైనది కాదు, నిలవదు కూడా. పుణెలో చెత్త ఏరుకునే కార్మికుల సహకార సంఘం స్వచ్ఛ్ 2008 నుంచి మహానగరపాలికతో ఒప్పందం మీద ఇంటింటా సేకరణ చేస్తోంది, దానికి ఇళ్లవాళ్లు రుసుము కడతారు. మన దగ్గర కూడా భవనానికి ఇంత అని రుసుము తీసుకుని, వారానికోసారి వచ్చి తొట్లు చూసిపోయే పనివాళ్లను తయారుచేయవచ్చు. చెత్తను ఎత్తే చేతికి చెత్తను ఎరువు చేసే విద్య కూడా వస్తే దాని కూలీ పెరుగుతుంది, గౌరవమూ పెరుగుతుంది.

నాలుగోది మీ ఇంజనీర్లు అనబోయేది: ఐదున్నర లక్షల మంది ఉన్నారని 2011 జనగణన చెప్పిన నగరంలో ఈ తొట్లు ఏ మూలకు? వెయ్యి ఇళ్లు రోజుకు పావు కిలో చొప్పున తగ్గిస్తే పావు టన్ను, ఏడాదికి తొంభై టన్నులు దాటుతుంది. నగరం మొత్తం చెత్త ముందు అది చిన్నదే, ఒప్పుకుంటాను. కానీ తొట్టి చేసే అసలు పని ఆ తొంభై టన్నులు కాదు. తొట్టి ఉన్న ఇల్లు ప్లాస్టిక్కును తడి చెత్తలో కలపదు, కలిపితే దాని తొట్టే పాడవుతుంది. మీ ఇన్‌స్పెక్టర్ జరిమానాతో రాబట్టలేని క్రమశిక్షణను వానపాము ఉచితంగా రాబడుతుంది. ఆ ఇంటి పొడి చెత్త శుభ్రంగా వస్తుంది, మిగిలిన తడి చెత్తా శుభ్రంగా వస్తుంది. పెద్ద కంపోస్టు కేంద్రాలను దెబ్బతీసేది కలగాపులగపు చెత్తే కాబట్టి, మీ కేంద్రీకృత వ్యవస్థకు ఈ తొట్లు పోటీ కావు, కాపలా.

అందుకే మీ నుంచి కోరేది డబ్బాల పంపిణీ కాదు. ఫోటో దిగి డబ్బాలు పంచడం తేలిక, అవి ఆరు నెలల్లో బియ్యం డబ్బాలవుతాయి. ప్రతి వార్డులో చెట్టు నీడ ఉన్న ఒక ఉద్యానవనంలో పేడ పరుపుల మీద వానపాములను నిరంతరం పెంచే చోటు ఒకటి ఉండాలి, ఎండకు ఎవరి తొట్టి చచ్చినా గుప్పెడు అక్కడి నుంచి తెచ్చుకునేలా. అడిగితే వచ్చి చూసే మనిషి ఉండాలి. మట్టి తొట్టి కొలతలు ఖరారు చేసి స్థానిక కుమ్మరులకు పని ఇవ్వాలి. మరాఠీ, హిందీ, ఉర్దూ, పంజాబీ, తెలుగు భాషల్లో ఆయా వంటిళ్లకు తగిన సూచనలు ఉండాలి. తయారైన ఎరువు ఇంట్లో పట్టకపోతే తీసుకునే చోటు ఉండాలి: కుండీలో ఎండకు నెర్రెలిచ్చే మన నల్లరేగడికి అది గుల్లదనం ఇస్తుంది, మీ పార్కులకే ఎంతైనా కావాలి.

చివరగా పన్ను తగ్గింపు గురించి. పుణె దారిలో మీరు కూడా ఇవ్వదలిస్తే ఒక్క షరతు పెట్టండి. తనిఖీ డిసెంబరులో చేయకండి, జనవరిలో చేయకండి. చల్లటి రోజుల్లో నాందేడ్‌లో ఏ తొట్టయినా బతుకుతుంది, కాగితం మీద సంఖ్యలూ పెరుగుతాయి. మృగశిర కార్తె దాటాక రండి. మూత తీసి, గోనెపట్టా ఎత్తి, పరుపులో చెయ్యి పెట్టండి. చల్లగా తగిలి, వేళ్ల మధ్య ఏదైనా కదిలితే ఆ ఇంటికి తగ్గింపు ఇవ్వండి. కదలకపోతే జరిమానా వద్దు, వార్డు తోటలోంచి ఒక గుప్పెడు ఇచ్చి, వచ్చే జూన్‌లో మళ్లీ రండి.

ఇట్లు,
నాందేడ్ తెలుగు పౌరుల్లో ఒకరు